సెలవుకి మంజూరు, ఊరు దాటడానికి అనుమతి

ప్రశ్న: అమ్మా, నమస్తే. ఏడాది క్రితం సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరాను. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇక్కడ ఫైళ్లన్నీ ఇంగ్లిష్‌లో నడుస్తాయి. ఈ నెలలో మా సూపరింటెండెంట్ గారు నా రాతలు మూడు దిద్దారు. మా అక్క పెళ్లికి పెట్టిన లీవ్ లెటర్‌లో నేను 'పర్మిట్' అన్న చోట 'శాంక్షన్' అని, 'శాంక్షన్' అన్న చోట 'పర్మిషన్' అని మార్చారు. హాస్టల్ రిపేర్ల నోట్‌లో కలెక్టర్ గారి 'పర్మిషన్' కోరాలని రాస్తే, అది కొట్టేసి 'అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్' అని రాశారు. ఔట్‌సోర్సింగ్ పోస్టుల ఫైల్లో ఆర్థిక శాఖ 'అప్రూవల్' అంటే 'కంకరెన్స్' అన్నారు. ఎందుకని అడిగితే "పాత ఫైళ్లు చూడమ్మా, అదే అలవాటవుతుంది" అన్నారు. పక్క సీట్లవాళ్లు "తెలుగు మీడియం కదా" అని నవ్వారు. తెలుగులో ఇవన్నీ 'అనుమతే' కదా? అసలు తేడా ఎక్కడుంది? ఆ లీవ్ లెటర్ మళ్లీ రాసివ్వాలి, అదొక టెన్షన్.
— ఒక జూనియర్ అసిస్టెంట్

జవాబు:

అమ్మా, ముందు ఆ నవ్వు సంగతి. దాన్ని మనసులో పెట్టుకోకండి. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లలో కూడా చాలామంది ఈ మాటల్ని పాత ఫైళ్లలోంచి ఎత్తి రాయడమే తప్ప, ఎందుకలా రాస్తున్నారో అడగరు. మీరు అడిగారు. జీవోలు, ప్రొసీడింగ్స్ తెలుగులోకి మార్చే పనిలో నేను చాలా ఏళ్లున్నాను. మీరడిగిన ఈ ప్రశ్న నన్ను ఆ రోజుల్లో ఎంత సతాయించిందో నాకు తెలుసు.

తెలుగులో ఇవన్నీ అనుమతే అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఊళ్లో ఎవరికైనా ప్రభుత్వం ఇల్లు ఇస్తే 'ఇల్లు మంజూరైంది' అంటాం, 'అనుమతైంది' అనం. పెళ్లికి అమ్మాయి సమ్మతించింది అంటాం, మంజూరు చేసింది అనం. అసెంబ్లీ బిల్లును ఆమోదిస్తుంది. మనకి మాటలున్నాయి, వాటి మధ్య తేడా మన చెవికి తెలుసు. ఆఫీసు గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి అన్నిటికీ ఒకటే 'అనుమతి' రాసేస్తున్నాం.

ఈ ఇంగ్లిష్ మాటల్లో ఒకటి బరువైనదీ ఒకటి తేలికైనదీ అని చూడకండి. ప్రతిసారీ ఇలా అడగండి: ఇచ్చేవాళ్లు ఎక్కడ నిలబడి ఇస్తున్నారు? వాళ్ల చేతిలోంచి ఏమైనా మన చేతికి వస్తోందా, లేక అడ్డం మాత్రం తొలగుతోందా? పని జరగకముందా, జరిగాకా?

మీ లీవ్ లెటర్‌తోనే మొదలుపెడదాం. అక్క పెళ్లికి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజుల ఆర్జిత సెలవు అడిగారనుకుందాం. ఆ ఐదు రోజులూ మీ లీవ్ అకౌంట్లోంచి తగ్గిస్తారు. సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీ వేస్తారు. పనిచేయని ఆ రోజులకి జీతం కూడా ఇస్తారు. అంటే అధికారం ఉన్న ఒకరు లెక్క చూసి, అందులోంచి తీసి మీకిస్తున్నారు. అది శాంక్షన్, మన మంజూరు. ఆ వెంటనే రెండో శనివారం, ఆదివారం వస్తున్నాయి. అవి ఆఫీసు మీకు ఇచ్చేవి కావు, అవి ఎలాగూ సెలవులే. వాటిని చివర కలుపుకుంటానంటే 'సరే, కలుపుకోండి' అంటారు. ఏ లెక్కలోనూ ఏమీ తగ్గదు. హెడ్‌క్వార్టర్స్, అంటే పనిచేసే చోటు, విడిచి మీ ఊరెళ్లడమూ అంతే. బస్సు ఛార్జీ మీదే, ప్రయాణం మీదే. మధ్యలో ఒక నిబంధన అడ్డుంది, దాన్ని పక్కకి జరుపుతున్నారు. అదే పర్మిషన్. అందుకే ప్రొసీడింగ్స్‌లో సెలవు 'శాంక్షన్' అవుతుంది, శని ఆదివారాలు 'సఫిక్స్' చేసుకోవడానికి మిమ్మల్ని 'పర్మిట్' చేస్తారు. ఒకే కాగితం మీద ఆ రెండు మాటలూ పక్కపక్కనే కూర్చుంటాయి. పొద్దున గంట ఆలస్యంగా వచ్చే రోజున మీ ఆఫీసులో 'పర్మిషన్ పెట్టాను' అంటారు కదా, గంట 'శాంక్షన్' అయిందని ఎవరైనా అన్నారా?

సెలవు అనగానే నాకు చాలా ఇష్టమైన ఒక సంగతి చెప్పాలి. మన 'సెలవు'కి మొదట అర్థమే అనుమతి. 'ఇక సెలవిప్పించండి' అంటే వెళ్లడానికి అనుమతినివ్వండి అని. పెద్దలు సెలవిచ్చారు అంటే ఆజ్ఞగా ఒక మాట చెప్పారని. ఇంగ్లిష్ 'లీవ్' కూడా సరిగ్గా ఇలాంటిదే. సుప్రీంకోర్టులో వేసే 'స్పెషల్ లీవ్ పిటిషన్' పేరు మీరు పేపర్లో చూసే ఉంటారు. రాజ్యాంగం 136వ అధికరణ కింద అప్పీలు చేసుకోవడానికి కోర్టు ఇచ్చే ప్రత్యేక అనుమతి అది. ఎక్కడో ఉన్న రెండు భాషలు ఒకే మాటలో అనుమతినీ ఇంటికెళ్లడాన్నీ కలిపి పెట్టుకున్నాయి. తెలుగు మీడియం అని నవ్విన వాళ్లకి ఇది చెప్పండి, వాళ్లకీ నచ్చుతుంది.

ఇక మీ హాస్టల్ రిపేర్ల నోట్. అక్కడ డబ్బుంది. గోడకి సున్నం కొట్టినా, బాత్రూం తలుపు మార్చినా ప్రభుత్వ ఖజానాలోంచి రూపాయి కదలాలి. ఈ పని అవసరమే, ఇంత ఖర్చు పెట్టవచ్చు అని అధికారం ఉన్నవాళ్లు ఒప్పుకోవడం అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్, అంటే పరిపాలనా మంజూరు. దాంతో పని మొదలైపోదు. ఎస్టిమేట్ సరిగ్గా ఉందా, రేట్లు సరైనవేనా, డిజైన్ నిలబడుతుందా అని ఇంజనీరు చూసి ఇచ్చేది టెక్నికల్ శాంక్షన్. ఆ తర్వాత కూడా నిధులు విడుదల కావాలి. ఈ మెట్లన్నీ మన ఊళ్లవాళ్లకి బాగా తెలుసు. 'ఇందిరమ్మ ఇల్లు శాంక్షన్ అయింది, బేస్‌మెంట్ బిల్లు ఇంకా పడలేదు' అనే మాటలో మంజూరుకీ విడుదలకీ ఉన్న తేడా మొత్తం ఉంది. బ్యాంకులో ఇంటి లోను అంతే. శాంక్షన్ లెటర్ చేతికొచ్చినంత మాత్రాన డబ్బు ఖాతాలో పడినట్టు కాదు.

'మంజూరు' అరబ్బీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. దానికి మూలం 'నజర్', చూపు. పేపర్లో 'అక్రమ లేఅవుట్లపై సర్కారు నజర్' అని చదువుతామే, ఆ నజరే. మంజూరైందంటే పైవాళ్ల చూపు పడింది అని. ఎవరూ చూడకుండా అయ్యేది మంజూరు కాదు.

ఈ మాటల విషయంలో నేనెందుకు ఇంత పట్టుదలగా ఉంటానో చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఉత్తర్వు తెలుగు చేశాను. 'టెక్నికల్ శాంక్షన్‌కి లోబడి అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్ ఇవ్వడమైనది' అన్న వాక్యాన్ని నేను 'పనికి అనుమతి ఇవ్వబడింది' అని కుదించేశాను. అది ఒక గ్రామ పంచాయతీకి వెళ్లింది. అక్కడి సర్పంచ్ ఆ కాగితం చదివి, వానలొచ్చేలోపు కాలువ తవ్వించాలని వడ్డీకి అప్పు తెచ్చి పని మొదలుపెట్టారు. టెక్నికల్ శాంక్షన్ లేదని బిల్లు ఆగింది. ఎన్నో నెలలు ఆగింది. ఆయన మా ఆఫీసుకొచ్చి, ఆ కాగితం నా బల్ల మీద పరిచి, 'అనుమతి' అన్న అక్షరాల మీద వేలు పెట్టి, "ఇచ్చారనే కదమ్మా ఇక్కడ రాసింది?" అన్నారు. ఆయన వేలి గోరులో మట్టి నాకు ఇంకా గుర్తుంది. ఆ రోజు నుంచి 'అనుమతి' అని రాసేముందు ఒక్క క్షణం ఆగుతాను.

అప్రూవల్ దగ్గర తేడా వేరు. అప్రూవ్ చేయడానికి ముందు ఎవరో ఒకటి తయారుచేసి ఉండాలి. డ్రాఫ్టో, ప్లానో, టూర్ ప్రోగ్రామో. పైవాళ్లు దాన్ని చదివి, చూసి, బాగుందంటారు. మీరు డ్రాఫ్ట్ పుటప్ చేసినప్పుడు 'ఫర్ అప్రూవల్' అని రాయడం అందుకే సరైనది. తెలుగులో 'ఆమోదం' దీనికి అతికినట్టు సరిపోతుంది. వెనక ఒక చిన్న 'ఆఫ్' చేరిస్తే మాత్రం అర్థం మారిపోతుంది. నాన్నగారు పెళ్లిని 'అప్రూవ్' చేశారంటే ఖాయం చేశారని. 'అప్రూవ్ ఆఫ్' అంటే ఆ సంబంధం ఆయనకి నచ్చిందని. నచ్చకుండానే ఖాయం చేసిన నాన్నలున్నారు, నచ్చినా ఖాయం చేయలేకపోయినవాళ్లూ ఉన్నారు.

మరి శాంక్షన్ అంటే ఎప్పుడూ డబ్బేనా? కాదు. అవినీతి నిరోధక చట్టం (1988) చూడండి. విధి నిర్వహణలో తీసుకున్న నిర్ణయం మీద ఉద్యోగిపై దర్యాప్తు మొదలుపెట్టాలంటే ముందుగా 'అప్రూవల్' కావాలని 17ఏ సెక్షన్ అంటుంది. 2018లో చేర్చారు దాన్ని. అదే ఉద్యోగిపై కేసును కోర్టు విచారణకు స్వీకరించాలంటే ముందుగా 'శాంక్షన్' ఉండాలని 19వ సెక్షన్ అంటుంది. ఒకే చట్టంలో రెండు మాటలు, రెండు వేర్వేరు దశలు. మన పేపర్లు రెండిటికీ 'విచారణకు అనుమతి' అనే రాస్తాయి. చదివేవాళ్లకి ఆ మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో తెలియదు. దర్యాప్తుకి ఆమోదం, ప్రాసిక్యూషన్‌కి మంజూరు అని విడిగా రాస్తే ఎంత బాగుంటుంది!

ఇదే మాటకి పూర్తిగా ఎదురు అర్థం కూడా ఉంది. ఇరాన్ మీద, రష్యా మీద 'శాంక్షన్స్' అంటే ఆంక్షలు, శిక్షలు. లాటిన్‌లో దీని మూల ధాతువుకి శాసనం చేసి పవిత్రం చేయడం అనే అర్థం ఉంది. పవిత్రమైన శాసనం కొన్నిటికి బలమిస్తుంది, దాటినవాళ్లని శిక్షిస్తుంది. ఒక కొమ్మ మంజూరు అయింది, ఇంకో కొమ్మ ఆంక్ష అయింది. ఆఫీసు ఫైల్లో మీకు రెండోది దాదాపు తగలదు.

మీ మూడో దిద్దుబాటు నాకు అన్నిటికంటే నచ్చింది. మీ సూపరింటెండెంట్ గారు వివరించకపోయినా, పని తెలిసిన మనిషి. ఆర్థిక శాఖ మీ శాఖకి పై అధికారి కాదు. రెండూ ఒకే ప్రభుత్వంలో పక్కపక్కన ఉన్న శాఖలు. పోస్టులు కావాలన్న నిర్ణయం మీ శాఖది, జీతాల భారం చూసుకోవాల్సింది వాళ్లు. ఇద్దరి దారులూ ఒకచోట కలిస్తేనే ఉత్తర్వు బయటకొస్తుంది. 'కంకరెన్స్'కి లాటిన్‌లో అర్థమే కలిసి పరుగెత్తడం. పాత జీవో ఏదైనా తీసి చివరికెళ్లండి. ఆర్థిక శాఖ ఫలానా యూఓ (శాఖల మధ్య నడిచే అనధికారిక నోట్) నంబరులో ఇచ్చిన కంకరెన్స్‌తో ఈ ఉత్తర్వు వెలువడుతోంది అనే వాక్యం కనిపిస్తుంది. అక్కడ 'అప్రూవల్' అని రాస్తే మీ శాఖ కార్యదర్శిని తీసుకెళ్లి వేరే శాఖ కింద కూర్చోబెట్టినట్టే. తెలుగులో నేను 'సమ్మతి' అంటాను.

'కన్సెంట్'ని కూడా సమ్మతి అనే అంటాం గానీ, అక్కడ సంగతి వేరు. వస్తువో, ఒళ్లో, హక్కో పూర్తిగా ఒకరిదే. అవతలివాళ్లు వచ్చి అడగాలి, వీళ్లు కాదనవచ్చు. ఆపరేషన్‌కి ముందు ఆస్పత్రిలో సంతకం పెట్టించుకునేది అందుకే కన్సెంట్ ఫారం. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే కన్సెంట్ అని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. సీబీఐ ఒక రాష్ట్రంలో దర్యాప్తు చేయాలంటే 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఆ రాష్ట్ర ప్రభుత్వం కన్సెంట్ కావాలి. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో తన సాధారణ సమ్మతిని వెనక్కి తీసుకుంది, 2019 జూన్‌లో మళ్లీ ఇచ్చింది. తెలంగాణ 2022 ఆగస్టులో వెనక్కి తీసుకుంది. ఇల్లు నాది, లోపలికి రావాలంటే నన్నడగాలి అనే ధ్వని ఆ మాటలో ఉంది. 'పర్మిషన్' అని రాసి ఉంటే ఆ ధ్వని పోయేది.

బిల్లుకి గవర్నర్, రాష్ట్రపతి ఇచ్చేది 'అసెంట్'. దాన్ని ఇంకెక్కడా వాడకండి. గడువు దాటితే ఇచ్చినట్టే లెక్క అనే పద్ధతి ఇల్లు కట్టుకునే అప్రూవల్‌కి ఉంది. తెలంగాణలో 2020లో భవన నిర్మాణ అప్రూవల్స్ కోసం వచ్చిన బీపాస్ చట్టంలో సింగిల్ విండో దరఖాస్తుకి 21 రోజుల గడువు పెట్టారు. అసెంట్‌కి అలాంటిది కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2025 నవంబరులో చెప్పింది.

లైసెన్సూ పర్మిటూ తెలుసుకోవాలంటే లారీ ఆఫీసు ముందు పది నిమిషాలు నిలబడితే చాలు. లైసెన్స్ డ్రైవరుది, పర్మిట్ బండిది. నడపడం వచ్చని ఆ మనిషికి ఇచ్చేది ఒకటి, ఈ బండి ఏ ప్రాంతంలో కిరాయికి తిరగవచ్చో చెప్పేది ఇంకొకటి. 1988 మోటారు వాహనాల చట్టం రెండిటినీ వేర్వేరు అధ్యాయాల్లో పెట్టింది. లైసెన్స్ అంటే అది లేకపోతే ఆ పని తప్పవుతుందని. ఇతరుల స్థలం మీద ఉండే హక్కుల గురించిన 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ కూడా, ఆ హక్కు ఇవ్వకపోతే చట్టవిరుద్ధమయ్యే పనిని ఇంకొకరి స్థలంలో చేసుకోనివ్వడమే లైసెన్స్ అంటుంది. ఎన్ఓసీ (నో అబ్జెక్షన్ సర్టిఫికెట్) మాత్రం అనుమతి కాదు. మాకు అభ్యంతరం లేదు అనడం మాత్రమే, ఇవ్వాల్సినవాళ్లు ఇంకెవరో ఉంటారు.

పని అయ్యాక వచ్చేవి రెండు. 'ర్యాటిఫై' చేయడమంటే, మన తరఫున ఇంకొకరు ముందే చేసేసిన పనిని మనదిగా ఒప్పుకోవడం. అత్యవసరంగా కమిషనర్ చేయించిన పనిని మున్సిపల్ కౌన్సిల్ తర్వాతి సమావేశంలో ధ్రువీకరిస్తుంది. అక్కడ తప్పేమీ లేదు. 'రెగ్యులరైజ్' చేయడంలో తప్పు జరిగిందన్న ఒప్పుకోలు ఉంటుంది. 2020లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చిన ఎల్ఆర్ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం) ప్లాట్ల యజమానులు రుసుము కట్టేది అందుకే. ఒకటి ధ్రువీకరణ, ఒకటి క్రమబద్ధీకరణ. ఈ రెండిటినీ దయచేసి కలపకండి. ఎవరో నిజాయితీగా చేసిన పనికి 'క్రమబద్ధీకరణ' అని రాస్తే వాళ్ల మీద మచ్చ వేసినట్టే.

'ఆథరైజ్' గురించి ఒక్కమాట. అది చేతికి అధికారం ఇవ్వడం, 'ఆథరైజ్డ్ సిగ్నేటరీ'లో ఉన్నది అదే. కోవిడ్ టీకాల అప్పుడు ఈ మాట విలువ తెలిసింది. అమెరికాలో ఫైజర్ టీకాకి 2020 డిసెంబరు 11న అత్యవసర వినియోగానికి 'ఆథరైజేషన్' వచ్చింది, పూర్తి 'అప్రూవల్' 2021 ఆగస్టు 23న గానీ రాలేదు. అక్కడ అత్యవసరం కాబట్టి వాడుకోండి అనేది ఒకటి, అంతా పరీక్షించి బాగుందనేది ఇంకొకటి. హైదరాబాద్‌లో తయారైన కోవాక్సిన్‌కి 2021 జనవరి 3న వచ్చిందీ అత్యవసర పరిస్థితుల్లో పరిమిత వినియోగానికే. మనం అన్నిటినీ 'అనుమతి' అనే చదువుకున్నాం. ప్లాట్లు కొనేటప్పుడూ అంతే. హోర్డింగ్ మీద 'రెరా అప్రూవ్డ్' అని కనిపిస్తే ఆగి చూడండి. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రాజెక్టుని రిజిస్టర్ చేస్తుంది, అంతే. ప్లాన్‌కి అప్రూవల్ ఇచ్చేది పట్టణ ప్రణాళికా శాఖో (డీటీసీపీ), హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థో (హెచ్ఎండీఏ), మున్సిపాలిటీయో.

ఇదంతా చెప్పాక ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. చట్టాలు ఎప్పుడూ ఇలా పొందిగ్గా ఉండవు. ఫ్యాక్టరీ పెట్టడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చేదాన్ని 1974 నీటి చట్టం 'కన్సెంట్' అంటుంది. సీఎఫ్ఈ (స్థాపనకి కన్సెంట్), సీఎఫ్ఓ (నడపడానికి కన్సెంట్) అని వ్యాపారులు పిలిచేది దాన్నే. అది నిజానికి లైసెన్స్ లాంటిదే. అలాంటి చోట తర్కం పక్కన పెట్టి చట్టం వాడిన మాటే రాయండి. సొంతంగా ఇంకో మాట పెడితే ఫైలు తిరిగొస్తుంది. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఇంకో చిన్న అలవాటు చేసుకోండి: శాంక్షన్‌ని 'అకార్డ్' చేస్తారు, పర్మిషన్‌ని 'గ్రాంట్' చేస్తారు, లైసెన్స్‌ని 'ఇష్యూ' చేస్తారు. ఈ జతలు సరిగ్గా పడితే మీ నోట్ మీద ఎర్ర సిరా సగం తగ్గుతుంది.

మిగిలింది మీ లీవ్ లెటర్. దాన్ని ఇంగ్లిష్‌లోనే రాయాలని ఎవరన్నారు? మన ప్రభుత్వానికి తెలుగు అధికార భాష. ఇలా రాసివ్వండి, తేదీలు మీరు నింపుకోండి:

'మా అక్క వివాహం నిమిత్తం సోమవారం నుంచి శుక్రవారం వరకు ఐదు రోజుల ఆర్జిత సెలవు మంజూరు చేయవలసిందిగా, ఆ వెంట వచ్చే రెండో శనివారం, ఆదివారాలను ఈ సెలవుకు చివర కలుపుకోవడానికి, ఆ రోజుల్లో ప్రధాన కార్యస్థానం విడిచి వెళ్లడానికి అనుమతించవలసిందిగా కోరుతున్నాను.'

అక్కకి నా ఆశీస్సులు చెప్పండి.